గంటకి ఇరవై రూపాయల రాజ్యం

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు, అదే ఆర్పీజీలు, అంటే మనం ఒక పాత్రగా మారి తిరిగే ఆటలు, దాదాపు ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను. ఒక్కదాంట్లో కూడా ఆఖరి లెవెల్ ముఖం చూడలేదు. ఈ మాటంటే ఆఫీసులో కుర్రాళ్లు నావైపు జాలిగా చూస్తారు. వాళ్ల లెక్కలో ఆట అంటే గ్రైండింగే. అదే చెట్టు మళ్లీ మళ్లీ నరకడం, అదే రేవులో అదే చేప పట్టడం, అదే రాక్షసుడు లేచినప్పుడల్లా చంపడం, పక్కన అంకె ఒకటి పెరిగేదాకా. నాకా ఓపిక ఎప్పుడూ లేదు. అయినా ఈ ఆటల్లో నేను పడ్డంత సరదా మావాళ్లలో ఇంకెవరూ పడలేదని నా గట్టి నమ్మకం. ఇందులో నా గొప్పేమీ లేదు. పుణ్యమంతా గాజువాక నెట్ సెంటర్ రేటుది.

2005 ప్రాంతం. మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. మావయ్య వాళ్లిల్లు గాజువాకలో. మావయ్య కొడుకు నాకంటే కాస్త పెద్ద, వరసకి బావ. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కూర్మన్నపాలెం వచ్చి బస్సెక్కితే కాసేపట్లో గాజువాక జంక్షన్. అక్కడ బావ సైకిలేసుకుని రెడీగా ఉండేవాడు. ఇద్దరం కలిసి నెట్‌కి వెళ్లేవాళ్లం. అప్పట్లో అందరం అలాగే అనేవాళ్లం, 'నెట్‌కి వెళ్లొస్తా' అని, నెట్ ఏదో ఊరైనట్టు.

మేడమీద గది. ఇద్దరు ఎదురుపడితే ఒకళ్లు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. లోపల హార్డ్‌బోర్డ్ చెక్కలతో అడ్డాలు కట్టిన గళ్లు, ఒక్కో గడిలో ఒక సిస్టమ్, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఉండేవి, అందులోనూ డబ్ల్యూ, ఏ, ఎస్, డీలు అసలు కనపడేవే కావు. అది ముందు వరసలో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడే బ్యాచ్ పుణ్యం. 'ఒరే వెనకాలున్నాడ్రా' అని వాళ్లు అరుస్తుంటే మెట్ల కింద దాకా వినపడేది. గుమ్మం దగ్గర బల్ల వెనకాల నెట్ సెంటర్ అన్న పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాడు. పేరు, సిస్టమ్ నంబరు, వచ్చిన టైము. గంటకి ఇరవై, అరగంటకి పది. టైము దగ్గర మాత్రం అన్న మహా నిక్కచ్చి మనిషి. అరగంట మీద ఐదు నిమిషాలు దాటితే గంట కిందే లెక్క.

మేం ఆడిన ఆట రూన్‌స్కేప్. ఇంగ్లండ్‌లో గోవర్ అన్నదమ్ములు తయారుచేసి 2001 జనవరిలో వదిలారు. మాకది దొరకడానికి కారణం చాలా మామూలుది. దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. బ్రౌజర్‌లో జావా ఉంటే చాలు, తెరుచుకునేది. సిస్టమ్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే అన్న ఊరుకునేవాడు కాదు, పైగా మళ్లీ ఆన్ చేసేసరికి అది ఉండేది కాదు. బొమ్మలు మొరటుగా ఉండేవి, మనుషుల ముఖాలు చెక్కపెట్టెల్లా. కానీ ఆ పాత సిస్టమ్‌ల మీద, ఆ నత్తనడక నెట్ మీద ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వేలమందితో కలిసి ఆడుకోగలిగిన ఆట మాకు దొరికింది అదొక్కటే. సగం రాజ్యం ఉచితం. మిగతా సగంలోకి వెళ్లాలంటే అప్పట్లో నెలకి ఐదు డాలర్లు కట్టి మెంబర్ అవ్వాల్సి వచ్చేది. డాలర్లు చెల్లే కార్డు మా రెండిళ్లలో ఎవరి దగ్గరా లేదు. కాబట్టి మేం ఉచిత రాజ్యం పౌరులం.

మొదటి రోజే బావకీ నాకూ దారులు వేరైపోయాయి. బావ గొడ్డలి కొనుక్కుని చెట్ల మీద పడ్డాడు. డ్రేనార్ అనే ఊళ్లో బ్యాంకు పక్కనే నీళ్లొడ్డున విల్లో చెట్లుంటాయి. నరకడం, సంచి నిండగానే బ్యాంకులో వెయ్యడం, మళ్లీ నరకడం. నేనేమో కోటలో వంటవాడు పిలిచి ఏడుస్తుంటే ఏమైందో కనుక్కుందామని ఆగాను. వాళ్ల ప్రభువు పుట్టినరోజట. కేకుకి గుడ్డు, పాలు, పిండి కావాలట.

ఇలా ఆటలో ఎవరో ఒకరు మనకి అప్పగించే పనిని క్వెస్టు అంటారు. ఈ చిన్న క్వెస్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను ఈ ఆటలో పడిపోయింది అక్కడే. గుడ్డు కోళ్ల దొడ్లో దొరుకుతుంది, సరే. పాలకి బాల్చీ పట్టుకెళ్లి ఆవు దగ్గర నిలబడాలి. పిండి మాత్రం ఆ దగ్గర్లో ఎక్కడా అమ్మరు, మనమే ఆడించుకోవాలి. ముందు పొలంలోకి వెళ్లి గోధుమ కంకి కోసుకోవాలి. దగ్గర్లో గాలిమర ఉంటుంది. నిచ్చెనలెక్కి పై అంతస్తుకెళ్లి కంకిని తొట్టిలో వెయ్యాలి. పక్కనున్న మీట లాగాలి. గడగడమని చప్పుడు. పైన ఏమీ కనపడదు. మొదటిసారి నేను తొట్టిలోకి చూస్తూ నిలబడ్డాను, పిండి ఎక్కడా అని. పిండి కింద పడుతుంది మరి. మళ్లీ నిచ్చెనలన్నీ దిగి, అడుగున ఉన్న గూట్లోంచి కుండతో పట్టుకోవాలి. కుండ తెచ్చుకోకపోతే మళ్లీ కోటకి పరుగు. ఇంట్లో అమ్మ డబ్బా ఇచ్చి పిండిమరకి వెళ్లమంటే సవాలక్ష సాకులు చెప్పేవాణ్ణి. ఇక్కడ గంటకి ఇరవై రూపాయలిచ్చి మరీ పిండి ఆడించుకుంటున్నాను. అమ్మకి చెప్తే ఏమనేదో గానీ, నేను చెప్పలేదు.

పక్క గడిలోంచి బావ తొంగి చూసి, "ఏట్రా, గంట నించీ పిండే ఆడతన్నావా? నాకు చూడు, నాలుగు లెవెళ్లు పెరిగాయి" అన్నాడు. నిజమే, పెరిగాయి. అన్న ఇద్దరి దగ్గరా ఇరవయ్యే తీసుకున్నాడు. ఆ ఇరవై రూపాయలకి నేను కేకు చేయించాను, బావ కర్రలు కొట్టాడు. నాకైతే లెక్క అప్పుడే తేలిపోయింది. వారం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క గంట. దాన్ని చెట్టు ముందు నిలబడి ఖర్చు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. ప్రతి ఆదివారం ఒక కొత్త ఊరో, ఒక కొత్త మనిషో, ఒక కొత్త తగాదానో చూడాలి. అంతే.

బావ లెక్క వేరే. ఆ ఆటలో ఏ పనిలోనైనా ఆఖరి లెవెల్ 99. అది అందాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. విల్లో దుంగ ఒక్కటి కొడితే 67.5 పాయింట్లు. మొత్తం విల్లోతోనే లాగించాలనుకుంటే లక్షా తొంభై మూడు వేల దుంగలు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. లెవెల్ పెరిగేకొద్దీ తర్వాతి లెవెల్ దూరం జరుగుతూ పోతుంది. 92కి చేరినవాడు దాదాపు వచ్చేశాననుకుంటాడు, లెక్క చూస్తే అప్పటికి సగం దారే. 85 దగ్గరైతే పావు వంతు. కంపెనీవాళ్లేమీ దాచలేదు, ఆ పట్టికలు అందరికీ తెలిసినవే. తెలిసీ జనం కొట్టేవాళ్లు. డ్రేనార్‌లో ఒక్కో చెట్టు చుట్టూ ఐదారుగురు మూగేవాళ్లు, బస్టాండ్లో కుళాయి చుట్టూ చేరినట్టు.

మనుషులు కాకుండా ప్రోగ్రాములు పెట్టి నరికించేవాళ్లు కూడా ఉండేవాళ్లు. వాళ్లని పట్టుకోవడానికి ఆటలో ఉన్నట్టుండి ఒక జీనీ ప్రత్యక్షమై మన పేరు పెట్టి పిలిచేది. మాట్లాడితే దీపం ఇస్తుంది, రుద్దుకుంటే పాయింట్లు. లేదా నరుకుతున్న చెట్టులోంచి దయ్యం లేచి మీద పడేది. బావకి జీనీ వచ్చిందంటే హాలంతా తెలిసేది. దయ్యం వచ్చినా తెలిసేది, కేక తేడాగా ఉండేది.

ఇలా సాగుతుండగా బావకి ఒక కోరిక పుట్టింది. రూన్ ప్లేట్‌బాడీ అని నీలంగా మెరిసే కవచం ఒకటుంది. ఉచిత రాజ్యంలో అంతకంటే పెద్ద హోదా లేదు. దానికి డిఫెన్స్‌లో, అంటే దెబ్బలు కాచుకునే నేర్పులో, లెవెల్ 40 కావాలి. బావ కోళ్లనీ ఆవుల్నీ గోబ్లిన్లనీ ఊచకోత కోసి 40 సంపాదించాడు, కర్రలమ్మిన డబ్బుతో కవచం కొన్నాడు, తొడుక్కోబోయాడు. తొడగనివ్వలేదు. డ్రాగన్ స్లేయర్ క్వెస్టు పూర్తిచేసినవాళ్లకే అది తొడిగే అర్హత. ఆ క్వెస్టు మొదలుపెట్టాలంటే ఛాంపియన్స్ గిల్డ్ అనే వీరుల సంఘం లోపలికి వెళ్లాలి. తలుపు తెరవాలంటే, క్వెస్టులు పూర్తిచేస్తే వచ్చే క్వెస్ట్ పాయింట్లు 32 ఉండాలి. ఉచితంగా దొరికే క్వెస్టుల్లో చాలావరకు చేస్తేగానీ అన్ని రావు. బావ దగ్గర ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఆదివారం బావ తన గడిలోంచి కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకున్నాడు. "ఒరే, ఆ వంటోడి దగ్గరికెల్లి ఏటి చెప్పాలి?"

తర్వాత నెలలు మా ఇద్దరికీ స్వర్ణయుగం. శాస్త్రవేత్త ఇంట్లో పెళ్లికొడుకు కోడిపెట్టగా మారిపోయి ఉంటే, భూగృహంలో మీటలు ఒక వరసలో లాగి, ఫౌంటెన్‌లో కరిచే చేపలకి విషం పెట్టి, వాణ్ణి మళ్లీ మనిషిని చేశాం. జైల్లో ఉన్న యువరాజుకి ఆడవేషం వేసి తప్పించాం. ఈ క్వెస్టులన్నీ నేను ముందే చేసి ఉన్నాను కాబట్టి నాకు దారి తెలుసు. కానీ నేను నోరు మెదపకూడదని బావే షరతు పెట్టాడు, మొదట్లో 'తొందరగా చెప్పెయ్' అన్న మనిషే.

వీటన్నిట్లోకీ షీల్డ్ ఆఫ్ ఆరావ్ వేరు. దాన్ని ఒక్కడు చెయ్యలేడు. వారాక్ నగరంలో రెండు దొంగల ముఠాలుంటాయి, ఫీనిక్స్, బ్లాక్ ఆర్మ్. ఎప్పుడో పోయిన డాలు చెరిసగం వీళ్ల దగ్గరుంది. ఒకసారి ఒక ముఠాలో చేరితే రెండోదాంట్లోకి రానివ్వరు. కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరూ శత్రువులు కావాలి, ఇద్దరికీ నమ్మకం కావాలి. ఈ ఒక్క క్వెస్టు నేనూ చెయ్యలేదు, తోడు లేక.

నేను ఫీనిక్స్. చేరడానికి సారా కొట్లో ఒకణ్ణి మట్టుబెట్టి వాడి జేబులో కాగితం తేవాలి. తెచ్చాను. వాళ్లు మెచ్చి తమ ఆయుధాల గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇప్పుడు చూడండి తమాషా. బావ బ్లాక్ ఆర్మ్‌లో చేరాలంటే ఆ ఫీనిక్స్ ఆయుధాల గదిలోంచే రెండు విల్లులు దొంగిలించుకు రావాలి. ఆ తాళం ఎవరిస్తారు? నేనే ఇవ్వాలి. చేరి పది నిమిషాలు కాలేదు, నా ముఠా తాళంచెవి శత్రువుకి అప్పగించాను. ఆటలో అప్పగింత అయిపోయినా బావ హార్డ్‌బోర్డ్ చెక్క మీద నుంచి చెయ్యి చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఎవరి స్థావరంలోంచి వాళ్లం సగం డాలు ఎత్తుకొచ్చి, మ్యూజియంలో చూపించి, వాళ్లిచ్చిన సగం సగం సర్టిఫికెట్లు ఒకరికొకరం మార్చుకుని, రాజుగారి దగ్గర తలా 600 నాణేలు పుచ్చుకున్నాం. విల్లో చెట్ల దగ్గర నిలబడితే బావకి అంతకంటే ఎక్కువే వచ్చేది. ఆ మాట బావకి తోచినట్టు లేదు. బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర కూడా, నేను కాగితం కోసం పొడిచినవాడి గురించే మాట్లాడుకున్నాం. బండాయన మావైపు అనుమానంగా చూశాడు.

చివరికి డ్రాగన్. పాత పటం మూడు ముక్కలు సంపాదించాలి. ఒక ముక్క ఉన్న గది తెరుచుకోవాలంటే నాలుగు వస్తువులు కావాలి. అవేమిటో కొండ మీదున్న సోదెమ్మ పొడుపుకథలా చెప్తుంది. పట్టుబట్ట, కాల్చని మట్టిగిన్నె, మంత్రగాళ్లు తాగే సారా, లాబ్‌స్టర్లు పట్టే బుట్ట. ఆ నాలుగింటిలో బావ దగ్గర ముందే ఉన్నది బుట్ట. 2000 పెట్టి ఓటి ఓడ కొని, చెక్కలు, మేకులు కొట్టి డ్రాగన్ ఉండే క్రాండర్ దీవికి బయల్దేరాం. అంటే బావ బయల్దేరాడు, నేను భుజం మీద నుంచి చూస్తున్నాను. ప్రభువుగారిచ్చే, డ్రాగన్ నిప్పుని ఆపే డాలు తీసుకో బావా అన్నాను. దాని అంకెలు తక్కువగా ఉన్నాయని బావ తన డాలే పట్టుకెళ్లాడు. డ్రాగన్ ఒక్కసారి నిప్పు ఊదింది. బావ చచ్చి మళ్లీ కోటలో లేచాడు. ఓడకి మళ్లీ మేకులు కొట్టుకున్నాం.

రెండోసారి డాలు మార్చుకుని గెలిచాడు. నీలం కవచం తొడుక్కుని వారాక్ బ్యాంకు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఎవడో కొత్త కుర్రాడు చేరి 'వావ్' అన్నాడు. బావ ఆ రోజు అరగంట ఎక్స్‌ట్రా కట్టాడు, ఊరికే తిరగడానికి.

బావకీ నాకూ ఉన్న ఈ తేడాకి ఒక సిద్ధాంతం ఉందని చాలా ఏళ్లకి చదివాను. ఇలాంటి ఆటలన్నిటికీ మూలపురుషుడనదగ్గ ఎంయూడీ అనే ఆటని 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెడితే, రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. అందులో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. ఆ బార్టిల్ 1996లో ఒక వ్యాసం రాశాడు, ఆటగాళ్లు నాలుగు రకాలని. సాధించేవాళ్లు, తిరిగి చూసేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, పక్కవాణ్ణి చంపడానికి వచ్చేవాళ్లు. చదవగానే మొదటి రకం బావ, రెండో రకం నేను అని పంచేసుకున్నాను. మా అమ్మకి చెప్తే, మీరిద్దరూ మూడో రకమే, నోరు మూసుకుని ఆడింది ఎప్పుడు అంది. అదీ నిజమే.

తర్వాత బావ వాళ్లింటికి బీఎస్ఎన్ఎల్ వాళ్ల డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ నెట్ వచ్చింది. పగలు వాడితే లెక్క, రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా ఉచితం. గాజువాకలో అర్ధరాత్రి అలారాలు మోగడం అప్పుడే మొదలైంది. ఇంకేముంది, అన్న నోటుబుక్కు బెడద పోయింది, బావ మళ్లీ చెట్ల దగ్గరికి పోయాడు. నీలం కవచం తొడుక్కుని మరీ నరికాడు. మావయ్య పొద్దున్నే డ్యూటీకి లేచేసరికి కళ్లెర్రగా చేసుకుని కొడుకు కనపడేవాడు. చదువుకుంటున్నాడనే అనుకునేవాడు పాపం.

ఆట వాతావరణం కూడా మారింది. డబ్బులు తీసుకుని ఇతరుల కోసం గ్రైండింగ్ చేసిపెట్టి, ఆటలో బంగారాన్ని నిజం డబ్బుకి అమ్మేవాళ్లు పెరిగారు. వాళ్లని ఆపడానికి కంపెనీ 2007 డిసెంబర్‌లో వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఆటగాళ్లు ఒకళ్లనొకళ్లు చంపుకోవడం తీసేసింది, 2008 జనవరిలో ఇష్టమొచ్చినట్టు ఇచ్చిపుచ్చుకోవడం ఆపేసింది. ఎవడో ధనవంతుడు వీధి వెంట వస్తువులు పారేసుకుంటూ నడిస్తే వెనకాల యాభైమంది ఏరుకుంటూ పరిగెత్తే జాతరలు పోయాయి. నాకైతే చాలా బాధేసింది. గ్రైండింగ్ చేసేవాళ్ల మీద యుద్ధంలో దెబ్బతిన్నది మాలాంటి తిరుగుబోతులం. ఆ తర్వాత ఉద్యోగాలు, ఊళ్లు. ఆట మెల్లగా జారిపోయింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు గురించి వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను అప్పుడు సెలవు మీద బావ వాళ్లింట్లో ఉన్నాను. మర్నాడు తలుపు తీస్తే సందుకి అడ్డంగా నిద్రగన్నేరు చెట్టు పడుంది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, నీళ్లు లేవు. ట్యాంకరు రావాలంటే చెట్టు తీయాలి. పక్కింటివాళ్ల గొడ్డలి తెచ్చి మగవాళ్లం తలా కాసేపు పట్టాం. బావ వంతు వచ్చింది. పాతిక దెబ్బలు కూడా పడలేదు, అరచెయ్యి బొబ్బలెక్కింది. "బావా, నీ లెవెల్ ఎంత?" అన్నాను. గొడ్డలి నా చేతిలో పెట్టి, "నోరు ముయ్యి" అన్నాడు. మా అక్కకి, అంటే బావ భార్యకి, మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. చుట్టూ ఇళ్ల మీద రేకులు లేవు, నవ్వడానికి అదేం సమయమూ కాదు.

ఆ రాత్రుళ్లు కొవ్వొత్తి వెలుగులో చేసేదేముంది, పాత కబుర్లే. బావ తాళంచెవి కథ, కోడిపెట్ట కథ, సోదెమ్మ చెప్పిన నాలుగు వస్తువులు, ఒక్కటి తప్పకుండా చెప్పాడు. నేనే రెండు మర్చిపోయాను. మరి ఆ విల్లో చెట్ల దగ్గర అన్ని రాత్రుళ్లు గడిపావు కదా, అక్కడి కబురు ఒక్కటి చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించాడు. "ఏటి చెప్తాం? చెట్టే కదా."

2015లో గిల్డ్ వార్స్ 2 అసలు ఆట ఉచితం చేశారని తెలిసి మళ్లీ మొదలుపెట్టాను. సర్వర్లు ఎక్కడో యూరప్‌లో, మన దెబ్బ రాక్షసుడికి తగిలేసరికి వాడు రెండడుగులు జరిగిపోయేవాడు. అయినా నాకోసమే చేసినట్టుంది ఆ ఆట. నువ్వు కొడుతున్న రాక్షసుణ్ణి ఇంకొకడు వచ్చి కొడితే నీకు నష్టం లేదు, ఇద్దరికీ ఫలితం దక్కుతుంది. నీకు కనపడిన గని రాయి నీదే, పక్కవాడిది వాడికి ఉంటుంది. పడిపోయినవాణ్ణి ఎవరైనా లేపొచ్చు. కొండ కొమ్ముకి దారి వెతుక్కుని ఎక్కితే అక్కణ్ణించి ఊరంతా చూపిస్తుంది, దానికీ పాయింట్లే. ఊరికే తిరిగినా లెవెల్ పెరుగుతుంది. చెట్టు చుట్టూ మూగి కొట్టుకునే అవసరాన్ని తీసేస్తే అపరిచితులు ఎంత మంచివాళ్లుగా ఉంటారో అక్కడ చూశాను.

నిజానికి తయారుచేసేవాళ్లకి ఈ సంగతులు మనకంటే బాగా తెలుసు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదలకి ముందు, పరీక్షల దశలో, ఎక్కువసేపు ఆడితే పాయింట్లు సగానికి తగ్గేలా పెట్టారట, జనం కాసేపు లేస్తారని. జనం మండిపడ్డారు. వాళ్లు అంకెలు పెద్దగా కదపకుండా మాట తిప్పేశారు. విశ్రాంతి తీసుకుని వస్తే రెట్టింపు ఇస్తాం అన్నారు. అందరూ సంతోషించారు. సత్రంలో పడుకోబెట్టి ఆట ఆపితే మర్నాటికి బోనస్. మరి ఇప్పటి ఫోన్ ఆర్పీజీలు చూడండి, 'ఆటో' అని బటన్. నొక్కితే బొమ్మ దానంతటదే నడిచి, దానంతటదే చంపి, దానంతటదే లెవెల్ పెంచుకుంటుంది. మనం పక్కన కూర్చుని చార్జింగ్ చూసుకోవాలి. అంత విసుగు పని ఆటలో పెట్టడమెందుకు, తప్పించడానికి బటన్ పెట్టడమెందుకు?

నేను ఆడే పద్ధతి అయితే అప్పటికీ ఇప్పటికీ ఒకటే. రాత్రి భోజనాలయ్యాక అరగంట. రేపు ఎవరికైనా చెప్పుకోదగ్గ సంగతి ఈ అరగంటలో జరగాలి. జరగదని తోస్తే ఇంకో ఊరికి పోతాను. ర్యాంకుల పట్టిక తెరవను. ఏ క్వెస్టుకైనా లెవెల్ చాలకపోతే, ఆ లెవెల్ కోసం నిలబడి కొట్టను, అదే పాయింట్లిచ్చే వేరే క్వెస్టు ఉందేమో వెతుకుతాను. ఎప్పుడూ ఉంటుంది.

రూన్‌స్కేప్ వాళ్లు ఆటగాళ్ల ఓటు తీసుకుని, 2007 ఆగస్టు నాటి కాపీని బయటికి తీసి 2013లో పాత ఆటని పాతగానే మళ్లీ తెరిచారు. 2018లో అది ఫోన్‌లోకీ వచ్చింది. ఊళ్లన్నీ అలాగే ఉన్నాయి గానీ, పాత లెవెళ్లు మాత్రం రావు, అందరూ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఈ వార్త బావకి చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది.

పోయిన వేసవిలో బావ కూతురు పట్టుబట్టి వాళ్ల నాన్న చేత మళ్లీ ఆ ఆట మొదలుపెట్టించింది. నాతో, "మావయ్యా, నాన్న మళ్లీ చెట్లే కొడుతున్నాడు" అని ఫిర్యాదు. నేను ఒక నెలకి ముగ్గురికీ మెంబర్‌షిప్ కట్టాను. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో, ఏసీ గదిలో, ముగ్గురం వాటర్‌ఫాల్ క్వెస్టు మొదలుపెట్టాం. దీని సంగతి నాకు ఎప్పణ్ణుంచో తెలుసు గానీ, ఇది మెంబర్ల క్వెస్టు, ఎప్పుడూ చేసింది లేదు. దీనికి ఏ లెవెలూ అక్కర్లేదు. కావలసిందల్లా తాడు, గాలి, నీరు, మట్టి రూన్లు (మంత్రాల రాళ్లు) ఆరేసి, కాస్త గుండె ధైర్యం. జలపాతానికి కాస్త దూరంలో ఒక రాణి సమాధి. కత్తి, కవచం ఏది ఉన్నా సమాధి లోపలికి రానివ్వదు. వట్టి చేతులతో వెళ్లి, నాచు పట్టిన రాక్షసుల మధ్య నుంచి చితాభస్మం కలశం ఎత్తుకురావాలి. తర్వాత జలపాతం లోపల నిప్పు రాక్షసుల మధ్య నుంచి ఇంకో పరుగు. ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే అయిపోయినట్టే.

బావ బొమ్మ ప్రాణం చివర్లో నాలుగుకి వచ్చింది. పాప సోఫా మీద నిలబడి, "నాన్నా, తిను! కేకు తిను! పరిగెట్టు!" అని కేకలు. బావ వేలు వణుకుతోంది, ఒట్టు. తలుపు దాటాడు. స్తంభాల మీద రూన్లు పెట్టి, విగ్రహానికి హారం వేసి, పాత్రలో భస్మం పోశాడు. అటాక్‌కి 13,750 పాయింట్లు, స్ట్రెంత్‌కి 13,750. మీద బాణసంచా పేలింది. ఒకటో లెవెల్ నుంచి తిన్నగా ముప్ఫై. గాజువాకలో ఎన్ని ఆదివారాలు కోళ్లనీ ఆవుల్నీ కొట్టి సంపాదించిన అంకె అది.

బావ ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఒరే, ఈ ముక్క అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే మాత్రం? ఐదు డాలర్లు ఎవడు కట్టేవాడు బావా, నెట్ సెంటర్ అన్నా?"